దుప్పటికి అటు కొస

"ఏయ్ పిల్లా, ఎక్కడికా పరుగు? ఇటొచ్చి ఈ కొసలు పట్టు!"

బడి నుంచి వస్తున్న పిల్ల ఉసూరుమంటూ ఆగింది.

పిలిచింది వాళ్ల ఇంటికి ఎదురుగా ఉన్న లాండ్రీ ముసలావిడ. ఆ కొట్లో ఆవిడ ఒక్కతే. లాడ్జీల దుప్పట్లు ఉతికి, గంజి పెట్టి, మడతలేసి పంపేది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. వీధిలో అందరూ చాటుగా 'గంజి మొహం' అనేవారు.

దుప్పటి మడతెయ్యడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. చెరో వైపు కొసలు పట్టి, విదిలించి, ఎదురెదురుగా నడిచి రావాలి. ఆవిడ విదిలిస్తే ఫట్‌మని మోగేది. కొస బొటనవేలి కింద దోపి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, పిల్ల చేతుల్లోంచి అందుకునేది.

అందుకుంటూ పిల్ల వేళ్లు ఒక్క క్షణం గట్టిగా పట్టుకునేది.

"వంకరొచ్చింది. విప్పు."

"బాగానే ఉందిగా!"

"నీ మొహంలా ఉంది. విప్పవే."

పిల్ల తిట్టుకుంటూ విప్పేది. ఆవిడ చూపు మాత్రం దుప్పటి మీద ఉండేది కాదు, ఎదురింటి కిటికీ మీద ఉండేది. అక్కడ దీపం వెలగగానే, "చాల్లే, ఉద్ధరించావ్. ఇక పో" అనేది.

దీపం వెలిగిందంటే పిల్ల తల్లికి మత్తు దిగిందన్నమాట. దిగకముందు వెళితే, చేతికి ఏది దొరికితే అది విసిరేది తల్లి.

ఒకరోజు పిల్ల నుదుటి మీద గాటు కనబడింది.

"ఏంటది?"

"తలుపు తగిలింది."

"ఆ తలుపు సంగతి నాకు తెలుసులే," అంటూ ఆవిడ మందు రాసింది.

పిల్లకి ఏమనిపించిందో ఏమో, "మిమ్మల్ని అమ్మమ్మా అని పిలవనా?" అంది.

ఆవిడ గిరుక్కున అటు తిరిగిపోయింది.

"వరసలు కలిపావంటే వీపు విమానం మోత మోగుతుంది!"

కొన్నాళ్లకు తల్లి తాగుడు మాన్పించే ఆస్పత్రిలో చేరింది. అన్నాళ్లూ పిల్లకి తిండీ నిద్రా లాండ్రీలోనే. తిరిగొచ్చిన తల్లి మళ్లీ సీసా ముట్టలేదు. లాండ్రీ గుమ్మం కూడా తొక్కలేదు. ఆవిడ ఎదురుపడితే తల దించుకుని పోయేది.

'ఒక్క మంచి మాటైనా చెప్పదేం మా అమ్మ!' అనుకునేది పిల్ల.

పిల్ల పెద్దదై, దూరంగా ఒక ఆస్పత్రిలో నర్సుగా కుదిరింది. తాగివచ్చిన తల్లుల పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ పిల్లల్ని చూశాక గానీ, ఆ దుప్పట్లు రోజూ ఎందుకు వంకరొచ్చేవో అర్థం కాలేదు.

ఈసారి సెలవుకి ఆవిడ కోసం మెత్తటి శాలువా కొంది. బస్సు దిగి, ఇంటికన్నా ముందు లాండ్రీకే వెళ్లింది.

లోపల ఆవిడ లేదు. తల్లి ఉంది.

"ఆవిడేదమ్మా?"

"పోయింది. నిద్రలోనే. నిన్న నేనే అంతా జరిపించాను."

"నువ్వా?"

తల్లి బుట్టలోంచి ఒక దుప్పటి తీసింది.

"ఎవరివి వాళ్లకి చేర్చాలి కదా. ఆ శాలువా అక్కడ పెట్టి, అటు కొస పట్టు."

విదిలించింది. ఫట్.

కొస బొటనవేలి కింద దోపింది. మణికట్టు ఒక్క తిప్పు తిప్పింది.

కూతురి చేతులు ఆగిపోయాయి.

"ఈ మడత నీకెలా వచ్చమ్మా? నువ్వీ కొట్లో అడుగే పెట్టలేదుగా!"

"పెట్టలేదు. ఆవిడ ఈ వీధికొచ్చేనాటికి తను తాగుడు మానేసింది, నేను మొదలుపెట్టాను. 'నువ్వెవరో నా కూతురికి తెలిసిందంటే, ఆ రోజే దాన్ని తీసుకుని పోతాను' అని ఆవిడతో అన్నాను. మొండిది, మాట తప్పలేదు. నిన్ను నాకు దక్కించింది. నేను మానాక వెళ్లి దణ్ణం పెట్టాలనే ఉండేది... మొహం చెల్లలేదే."

"ఇంతకీ ఎవరమ్మా ఆవిడ?"

తల్లి ఎదురు నడిచి వచ్చి, కొసలతో పాటు కూతురి వేళ్లూ గట్టిగా పట్టుకుంది.

"మా అమ్మే... నా చిన్నప్పుడు, తాగని పూటల్లో, నాతోనూ ఇలాగే మడతలేయించేది."