మోగనంతసేపు

మిల్లు గేటు దగ్గర లారీ ఆపకముందే మల్సూర్ కేకేశాడు.

"మరియమ్మక్కా! సూర్యాపేట నుంచే వస్తున్న. మీ అబ్రహాంకు జర సీరియస్‌గ ఉందంట. కోదాడ పోయి కరుణను తోలుకొని జల్ది దవాఖానకు రమ్మన్నడు, వాళ్ల బామ్మర్ది సత్యానందం."

మరియమ్మ చీపురు పారేసి లారీ తలుపు పట్టుకుంది. అదే మాట మళ్లీ చెప్పించుకుంది.

అబ్రహాం ఆమె తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకొని పెంచింది. కరుణ అతని ఒక్కగానొక్క కూతురు. కోదాడలో ఇంజనీరింగు చదువుతోంది.

గాలివానకు సెల్ టవర్లు పడిపోయి మూడు రోజులైంది. అయినా మిర్యాలగూడలో బస్సెక్కగానే మరియమ్మ ఫోను తీసి గుండెకు ఆనించుకుంది. అందులో కరుణ కాలేజీ ప్రాజెక్టుగా తయారుచేసిన యాప్ ఉంది. టవరు లేకున్నా, దగ్గరికొచ్చిన ఫోను నుంచి ఫోనుకు దూకుతూ కబురు చేరాల్సినవాళ్లకు చేరుతుంది. చుట్టాల ఫోన్లలో, తెలిసిన డ్రైవర్ల ఫోన్లలో దాన్ని కరుణే ఎక్కించింది.

"ఊకె మోగదత్తా, బ్యాటరీ ఖతమైతది," అంది అప్పుడు. "నీ పేరు మీద వచ్చిందే నీకు చూపిస్తది."

"మంచియే పంపుండ్రే. పోయినోళ్ల కబుర్లు ఇని ఇని అలిసిపోయిన."

భర్త పోయినప్పుడు కడచూపు దక్కలేదు. తమ్ముడినైనా ప్రాణంతో చూడాలి. బస్సులో ఎవరు ఎక్కినా ఆమె ఫోను వంకే చూసింది. మోగలేదు. మోగనంతసేపు తమ్ముడు ఉన్నట్టే.

పక్కసీటు ముసలాయన నవ్వాడు. "ఏందమ్మా, ఫోన్ల దేవుడున్నడా, గట్ల మొక్కుతున్నవ్?"

"ఉన్నడయ్యా. మాట్లాడకుంటేనే మంచిది."

కోదాడలో హాస్టలు మెట్ల మీదే కరుణ ఎదురొచ్చింది. మరియమ్మ ఆమెను కావలించుకుంది.

"బట్టలు సర్దు బిడ్డా. మీ నాయినకు జర బాగలేదు."

కరుణ ఫోను మోగింది. చూసి, గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

"ఎవరే?"

"కాలేజీ నోటీసత్తా. పద, పోదాం."

"పరేషాన్ గాకు. ఇగో, నా ఫోను పొద్దున్నుంచి మోగలే. మీ నాయిన ఉన్నడు."

కరుణ తలూపింది.

'మీ అత్తకు దారిల చెప్పకు' అంటూ సత్యానందం కరుణ పేరు మీద పంపిన చావు కబురును, మిల్లు గేటు దగ్గర మల్సూర్ ఫోను నుంచి అందుకొని, కోదాడ దాకా మోసుకొచ్చి మేనకోడలికి అప్పజెప్పింది మరియమ్మ ఫోనే.