అరవై అయిదు వాట్లది

గోదావరిఖనిలోని తన కంప్యూటర్ షాపులో సాయితేజ రెండు ప్రాసెసర్ డబ్బాలు కౌంటర్ మీద పెట్టి, ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు.

సంధ్యారాణి అరగంట నుంచి వాటినే చూస్తోంది.

హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి ఆమెకు పరీక్ష పెట్టింది. ఇంట్లోనే కూర్చుని ఆరు రోజులు వాళ్ల కొత్త ఆట ఆడాలి. ఆడుతుండగానే అది వీడియోగా రికార్డు కావాలి, అందులో దొరికిన తప్పులన్నీ పక్కనే రాస్తూ పోవాలి. ఆరో రోజు సాయంత్రం ఏడింటికల్లా పంపాలి.

నెగ్గితే ఉద్యోగం.

ఆటలాడితే జీతమిస్తారా అని కాలనీ అంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందని సంధ్య పట్టుబట్టింది.

పక్కనే నిలబడ్డ తండ్రి కొమురెల్లి బొగ్గుబాయి కార్మికుడు. దసరాకు బొగ్గు కంపెనీ ఇచ్చిన లాభాల వాటా కూతురి కోసం ముట్టకుండా ఉంచాడు. కంప్యూటర్ మొత్తం అందులోనే రావాలి.

ఒక డబ్బాలో ఆరు కోర్లది, నూట ఇరవై అయిదు వాట్లు. ఇంకో దాంట్లో నాలుగు కోర్లది, అరవై అయిదు వాట్లు, ధర కొంచెం తక్కువ. లెక్క ప్రకారం ఆరు కోర్లదే వేగమని సాయితేజ ఉన్నమాటే చెప్పాడు.

"ఇంటికి స్లాబా బిడ్డా, రేకులా?"

అందరూ తిరిగి చూశారు. మూలన స్టూలు మీద ఒక పెద్దమనిషి, భుజాన తువ్వాలు. రిపేరుకు తెచ్చిన తన పాత కంప్యూటర్‌లోని ఫ్యాను తీసి, పెయింటు బ్రష్షుతో బొగ్గు దుమ్ము దులుపుతున్నాడు.

రేకులేనంది సంధ్య.

కిటికీ ఎటు తెరుచుకుంటుందని అడిగాడాయన. కంప్యూటర్ ఏ గోడకు పెడతారని, దుమ్ము లేచే ఓపెన్‌కాస్టు గని ఎంత దూరమని కూడా అడిగాడు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు కూడా అన్ని ప్రశ్నలు వేయరు.

"నాలుగు కోర్లదే తీస్కో బిడ్డా," అన్నాడు చివరికి. "మిగిలిన పైసలు మంచి ఫ్యానుకు పెట్టు. వాట్లు ఎక్కువున్నకాడ వేడి ఎక్కువ. గాలి ఆడకపోతే ఎంత పెద్ద మిషినైనా పండుకుంటది."

కొమురెల్లికి చిర్రెత్తుకొచ్చింది. క్వార్టర్లో కరెంటు బొగ్గు కంపెనీదే, వాట్లతో తమకేం పనన్నాడు. ఇంతకీ నువ్వేం చేస్తావని అడిగాడు.

"పైన పనే తమ్మీ."

ఆ మాటతో ఆయన విలువ అక్కడికక్కడే తేలిపోయింది. భూమి లోపలికి దిగేవాళ్లకు పైన పనిచేసేవాడంటే సగం మనిషి. నెత్తిన కప్పు కూలుతుందన్న భయం లేదు, ఉక్కపోత లేదు, దసరాకు వాటా మాత్రం ఉంటుంది.

"నీడపట్టున కూసునెటోనివి, వేడి సంగతి మాకు చెప్తవానె?" అన్నాడు కొమురెల్లి.

పెద్దమనిషి నొచ్చుకున్నట్టు కనబడలేదు. సంధ్యతోనే ఇంకో మాట అన్నాడు.

"పెద్దదే తీస్కుంటే తీస్కో. ఆగిపోతే మాత్రం ఫికర్ చెయ్యకు. మూత తీసెయ్. గాలి ఒక దిక్కు నుంచి వచ్చి ఇంకో దిక్కు నుంచి పోవాలె. గాలికి రెండు తొవ్వలుండాలె."

ఆరు కోర్లదే కొన్నారు.

అయిదు రోజులు గుర్రంలా పరుగెత్తింది. ఆరో రోజు నలభై ఆరు డిగ్రీల ఎండ, నెత్తిన సిమెంటు రేకులు. పన్నెండింటికి కంప్యూటర్ ఆగిపోయింది.

మళ్లీ ఆన్ చేసింది. పది నిమిషాలకు మళ్లీ ఆగింది. అలా మూడు గంటలు పోయాయి.

ఫస్టు షిఫ్టు దిగి కొమురెల్లి ఇంటికి వచ్చేసరికి సంధ్య ఏడవడం లేదు. కంప్యూటర్ మూత స్క్రూలు విప్పుతోంది.

లోపల ఫ్యాను మీద ఆరు రోజులకే బొగ్గు దుమ్ము పేరుకుంది. అది దులిపి, టేబుల్‌ను కిటికీకీ వెనక తలుపుకీ మధ్యకు జరిపింది. కొమురెల్లి డ్యూటీ బట్టలు మార్చకుండానే కిటికీకి తడి గోనెపట్టా కట్టాడు. గాలి లోపలికి కొట్టేలా టేబుల్ ఫ్యాను కిటికీ దగ్గర పెట్టి, గోనె ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తూ నిలబడ్డాడు.

కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. ఏడింటికి పది నిమిషాలు ఉండగా సంధ్య పంపేసింది. ఆటలో రెండు ఘట్టాలు మిగిలిపోయాయి, ఎందుకు మిగిలాయో దాచకుండా రాసింది.

పదిహేను రోజులకు ఉద్యోగం వచ్చింది.

"ఆయన చెప్పింది కొంటే ఆ మూడు గంటలు పోయేటివి కావు బాపూ," అంది సంధ్య.

కొమురెల్లికి సిగ్గేసింది. నోటికొచ్చినట్టు అన్నది తనే. మిఠాయి డబ్బా పట్టుకుని కూతురితో షాపుకు వెళ్లాడు.

"ఆయన కిందటి నెలాఖరున రిటైరయ్యారండి," అన్నాడు సాయితేజ. "క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరు వెళ్లిపోయారు. ఏ ఊరో నాకూ తెలియదు. ముప్పై ఏళ్లు ఒకే చోట పనిచేశానని చెప్పేవారు."

ఫోన్ నంబరుందేమో చూడమంది సంధ్య. సాయితేజ రిపేరు పుస్తకం తిప్పాడు. నంబరు లేదు. పేరు, పని, పనిచేసే చోటు ఉన్నాయి.

బుచ్చన్న, ఫ్యాన్ ఆపరేటర్. ఆ కింద కొమురెల్లి రోజూ దిగే బాయి పేరు.

కొమురెల్లి రెండుసార్లు చదివి, మూలనున్న ఆ స్టూలు మీద కూర్చున్నాడు. బాయికంతటికీ గాలి ఆడించే పెద్ద ఫ్యాను పైన నేల మీద ఎక్కడో దూరంగా ఉంటుంది. అక్కడ కూర్చునే మనిషిని లోపలికి దిగేవాళ్లు ఎన్నడూ చూడరు.

ఇరవై ఆరేళ్లుగా కొమురెల్లి భూమి అడుగున పీల్చిన గాలి, పైన పనిచేసే ఆ మనిషి పంపిందే.