సోనారి మళ్ళీ పుట్టింది

పుట్టిన పిల్లగా ఎవరు తిరిగొచ్చారో చూడ్డానికి, ఊరి పూజలు చేసే బేజుని ఆ ఇంట్లో పోయినవాళ్ళలో ఒక్కొక్కరి పేరూ చెప్పి ఒక్కో బియ్యపుగింజ సొరబుర్రలోని నీళ్ళలో వేస్తోంది. గింజలు మునిగిపోతున్నాయి. సోనారి పేరుకి వేసిన గింజ మాత్రం నీళ్ళ మీద నిలబడి గిర్రున తిరిగింది.

"మీ ఇంటి ముసిల్దే తిరిగొచ్చింది!" అంది బేజుని.

అరుగు మీది ఆడవాళ్ళు కేకలు పెట్టారు. మాలు ఏడ్చేశాడు. పోయిన తల్లి తన కూతురై పుట్టింది.

అతని పెళ్ళాం జిలు ఒళ్ళోని పసిగుడ్డుని తీసి చాప మీద పెట్టేసింది. కొంగు బిగించి కట్టుకుంది.

"దీనికి నేను పాలివ్వను."

"ఓసె, అవేం మాటలే?" అంది తోటికోడలు.

"నేను నిండు కడుపుతో పోడు కొట్టి వస్తే అంబలికుండ దాచిపెట్టింది ఎవరే? ఆ పస్తులకే కదే నా మొదటి గుడ్డు పోయింది! ఇది చచ్చేముందు నీళ్ళడిగితే చుక్క పొయ్యనన్నానా, లేదా?"

"అన్నావు. పొయ్యనూ లేదు," అని ఒప్పుకుంది తోటికోడలు.

పిల్ల గుక్కపట్టింది. మాలు చేతులు జోడించాడు.

"అమ్మకి ఆకలేస్తోందే!"

"మీ అమ్మే కదా, నువ్వే ఇచ్చుకో."

ఆడవాళ్ళు నవ్వారు. బేజుని నవ్వలేదు.

"ఎవరి కడుపు మాడ్చిందో వాళ్ళ కడుపునే పుట్టింది. పాలే పోస్తావో, పగే తీర్చుకుంటావో నీ ఇష్టం. ఊరు అడ్డు రాదు," అని సొరబుర్రలో నీళ్ళు పారబోసింది.

పిల్ల ఏడుపు సన్నబడింది. పెదాలు నల్లబడుతున్నాయి. జిలు కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది. తోటికోడలు చెయ్యి చాచబోతే కసిరింది. ఉన్నట్టుండి తనే పిల్లని లాక్కుని రొమ్ము నోట్లో కుక్కింది.

"తాగు ముసిలీ. కడుపు పగిలేలా తాగు!"

మాలు ఊపిరి పీల్చుకున్నాడు.

"పగ పోయిందా?"

"పోవడమా?" జిలు పళ్ళు కొరికింది. "ఇది బతకాలి. ఎదగాలి. మనువాడాలి. ఏ ఊరి కోడలై పోయినా సరే, నేను చచ్చాక వెతుక్కుంటూ పోయి దీని కడుపునే పుడతాను. అప్పుడు చెప్తాను. ఒక్క రాత్రి దీన్ని కన్ను మూయనిస్తే నా పేరు జిలు కాదు!"