దెబ్బల పుస్తకం

దిండు చిరిగింది.

"నా దిండే దొరికిందా నీ కుస్తీకి?" గుప్పెడు దూదితో వంటింట్లోకి వచ్చాడు అన్నయ్య.

"పాతదేగా."

"పాతదైనా నా తలకి అలవాటైంది. మనుషుల్ని పడేయడం చేతకాక దిండు మీద పడ్డావా?"

"మనుషుల్నే పడేస్తున్నా. రోజుకి పదిసార్లు," అంది పిచ్చుక.

ఇంట్లో ఆమె పేరదే. పంతొమ్మిదేళ్లొచ్చినా గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది.

అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వింది. "ఎవరే ఆ పడేవాళ్లు?"

"బస్తా."

పిచ్చుక కుస్తీ హాల్లో చేరి నాలుగు నెలలైంది. మొదటిరోజే ఉత్సాహం పట్టలేక తనకంటే బరువైన అమ్మాయిని ఎత్తబోయి, పట్టు తప్పి తలకిందులుగా పడబోయింది. ఎవరో అడ్డుపడి పట్టుకున్నారు. కళ్లు తెరిచేసరికి చుట్టూ పదిమంది, మంచినీళ్లతో కోచ్. ఒంటి మీద గీత కూడా పడలేదు.

"ఎవరే పట్టుకుంది?" అని ఆ రోజు అమ్మ అడిగితే, "ఏమో, చూళ్లేదు," అంది.

భయం మాత్రం లోపల తిష్ట వేసింది. నెల రోజులు మ్యాట్ అంచున కూర్చుని బూటు తాళ్లు కట్టడం, విప్పడం, అంతే.

అప్పుడు తన దగ్గరికొచ్చింది ఒకావిడ. ముప్పై దాటిన భారీ మనిషి. ఓ మూల మ్యాట్లు తుడుస్తూ ఉండేది.

"నాతో పట్టు చెల్లీ. నాక్కూడా తోచడం లేదు."

పిచ్చుక భయపడుతూనే తోసింది. ఆవిడ దబ్బున పడింది.

"అబ్బో, మంచి పట్టే!" అంది కింద నుంచే.

మర్నాడు మళ్లీ పడింది. ఆ మర్నాడు రెండుసార్లు. ఆ చప్పుడు వినే హాల్లో అమ్మాయిలు బస్తా అని పేరు పెట్టారు. ఆవిడ కూడా నవ్వి ఊరుకుంది.

కొన్నాళ్లకి పిచ్చుక ఒక రహస్యం కనిపెట్టింది. బస్తాకి ఎడమ భుజం బలహీనం. అక్కడ అరచేత్తో నొక్కితే చాలు, మొహం ముడుచుకుని కూలబడిపోతుంది.

ఇక రోజూ అక్కడే నొక్కింది.

వెన్ను నిటారైంది. గొంతు లేచింది. వారంలో పోటీ ఉందనగా, దిండు చిరిగిన ఆ సాయంత్రమే, అందరి ముందూ కోచ్‌తో అంది:

"సార్, నాకింక బస్తా వద్దు. తుడిచే ఆవిడని పడేసి పడేసి విసుగొస్తోంది. సరైన జోడీని ఇవ్వండి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

గుడ్డ పిండుతున్న ఆవిడ చేతులు ఆగాయి.

"నిజమే సార్. నా దగ్గర తనకి నేర్చుకునేదేం మిగల్లేదు," అంది. తర్వాత పిచ్చుక వైపు తిరిగింది. "పడేటప్పుడు గడ్డం లోపలికి పెట్టుకో చెల్లీ. మెడ జాగ్రత్త."

పడేది తను కాదుగా అనుకుంది పిచ్చుక.

మర్నాటి నుంచి బస్తా రాలేదు. ఎవరూ అడగలేదు. పిచ్చుక అసలే అడగలేదు.

మూడోరోజు కొత్త జోడీ చేతిలో బొటనవేలు మడతపడింది.

ఆ హాల్లో ఒక నియమం ఉంది. దెబ్బ తగిలినవాళ్లు తమ చేత్తోనే పుస్తకంలో రాయాలి. ఏ రోజు, ఎక్కడ, ఎలా అని.

"ఎదుటివాళ్ల మీదికి నెట్టకుండా, జరిగింది జరిగినట్టు రాయి," అన్నాడు కోచ్.

వంకరటింకరగా రాసింది. ఊరికే వెనక్కి తిప్పింది. తన మొదటిరోజు తేదీ కనిపించింది. తన పేరు లేదు. దెబ్బ తగల్లేదు కదా, ఎందుకుంటుంది?

ఆ తేదీ కింద ఎవరిదో గుండ్రటి చేతిరాత. ఒకటే వాక్యం.

చదివింది. మళ్లీ చదివింది.

"ఇది... బస్తా రాసిందా సార్?"

"ఆవిడే."

"తుడవడానికి పెట్టుకున్నారు కదా ఆవిడని?"

"ఎవరన్నారు? పోటీకి తయారవడానికి వచ్చింది. ఆ రోజుతో అది పోయింది. ఊరికే కూర్చోలేక గుడ్డ పట్టుకుంది. నీతో దిగొద్దని నేనూ చెప్పాను, డాక్టరూ చెప్పాడు. వింటేగా."

"ఇప్పుడెక్కడుంది?"

"తెలీదమ్మా. మొన్న ఇక్కడి తన బీరువా తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది."

పిచ్చుక తన కుడి అరచేయి చూసుకుంది. బట్టకి రుద్దుకుంది. మళ్లీ చూసుకుంది.

రాత్రి అందరూ కంచాల ముందు కూర్చున్నారు. అన్నయ్య ఒడిలో అతుకు వేసిన దిండు.

"ఏమే, ఇవాళెన్నిసార్లు పడేశావు మీ బస్తాని?"

పిచ్చుక తలెత్తలేదు. "పోటీకి నా పేరు తీసేయించాను."

నాన్న ముద్ద కంచంలోనే ఆపాడు. "భయమేసిందా?"

"లేదు నాన్నా. సిగ్గేసింది."

ఎవరూ నవ్వలేదు.

"రేపట్నుంచి కొత్తగా వచ్చేవాళ్ల చేతిలో పడడమే నా పని. మ్యాట్లు కూడా నేనే తుడుస్తాను."

"మరి ఆవిడ?" అంది అమ్మ.

"మొదటిరోజు నన్ను పట్టుకుందెవరని అడిగావు కదమ్మా."

"అవును. చూళ్లేదన్నావు."

పిచ్చుక కంచం పక్కకి జరిపింది.

"ఆ రోజు పుస్తకంలో రాసుందమ్మా: 'పడుతున్న కొత్తమ్మాయి మెడ కింద చెయ్యి పెట్టినప్పుడు నా ఎడమ భుజం జారింది, తనకి చెప్పకండి, భయపడి మానేస్తుంది.'"