హైమావతి వేసిన సున్నా

యంత్రం రాసిన వైద్య సూచనలు ఆసుపత్రులకు చేరాలంటే ముందు ఒక తల్లి మార్కులు వేయాలి. ఈసారి పసిపిల్లల చర్మానికొచ్చే ఎగ్జిమా సూచనలు నూజివీడులో హైమావతి వంతుకొచ్చాయి. వంటింటి గోడలోంచి ఆ యంత్రం చదువుతుంటే ఆమె బియ్యం ఏరుతూ వింది.

"ఆగు. సబ్బు వద్దన్నావు. మరేం వాడాలి?"

"అధ్యయనాలన్నీ చూసే రాశానమ్మా," అంది గోడ.

"పాత సూచనల్లోనూ ఇంతే. మా అత్తయ్య సబ్బు మానేసి సున్నిపిండితో రుద్దారు. మా పాపకి మోచేతి మడతల్లో రక్తమొచ్చింది. నీకు సున్నా."

"మధ్యలో నా పేరెందుకే?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"మీలాంటి నానమ్మలు ఊరూరా ఉన్నారత్తయ్యా."

గోడ కొత్త వాక్యం చేర్చి చదివింది. "సున్నిపిండితో రుద్దకండి. గోరువెచ్చని నీళ్లు పోసి, తడి ఆరకముందే లేపనం రాయండి."

"ఇంకోసారి చదవమనవే," అంది అత్తయ్య, లేపనం డబ్బా మూత తీస్తూ.