ముప్పయ్యో గడియారం

“మాకు కావలసినవి ఇరవై తొమ్మిదేనమ్మా. ముప్పయ్యోది ఏం చేసుకుంటాం?” అన్నాడు ఆఫీసు గుమస్తా, గోడగడియారాల అట్టపెట్టెలను వేలితో లెక్కపెడుతూ.

“పోన్లెండి, ఇరవై తొమ్మిదే పట్టుకెళ్ళండి” అంది ఆమె.

“నువ్వుండు” అన్నాడు భర్త. “విడిగా ఇవ్వం. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేదంటే లేదు.”

గిఫ్టుల కొట్టు మూసేసి నాలుగు రోజులైంది. షట్టరు సగానికి దించి, మిగిలిన సరుకును వచ్చిన ధరకి వదిలించుకుంటోంది ఆమె. బొమ్మలు పోయాయి, ఫొటో ఫ్రేములు పోయాయి. ఎవరో ఆర్డరిచ్చి మొహం చాటేసిన ఈ ముప్పై గడియారాలే కదలకుండా కూర్చున్నాయి. సాయంత్రానికి గది ఖాళీ చేసి తాళంచెవి అప్పగించాలి. రేపట్నుంచి ఇల్లు భర్త జీతం మీదే నడవాలి. ఆ సంగతి ఆయన మూడు పూటలా, మందు వేసినట్టు గుర్తుచేస్తూనే ఉన్నాడు.

ఈ బేరం తెచ్చిందీ ఆయనే. ఆయన ఆఫీసులో ఇరవై తొమ్మిది మందికి ఉద్వాసన చెబుతున్నారు. ఉత్త చేతులతో పంపితే బావుండదని తలా ఒక గడియారం. కింద ఉన్న ఇత్తడి రేకు మీద పేరు చెక్కి ఇవ్వాలి.

“ఒకటి మిగిలితే మన హాల్లో తగిలించుకుందామండీ. ఇంట్లోది ఎలాగూ ఆగిపోయింది.”

“ఉద్యోగం ఊడినవాళ్ళకిచ్చే వస్తువు నా ఇంటి గోడకా? బుద్ధుందా నీకు? ఈ మొహమాటాలతోనే కొట్టు మూతపడింది.” గుమస్తా వైపు తిరిగాడు. “ఏమయ్యా, మేనేజరుగారికి ఫోను కొట్టు. ముప్పై తీసుకుంటేనే ఈ రేటని చెప్పు. అంత ఆఫీసులో పనికిమాలినవాడు ఇంకొక్కడు దొరకడా అన్నానని కూడా చెప్పు!”

తన జోకుకి తనే పగలబడి నవ్వాడు.

గుమస్తా షట్టరు కింద వంగి బయటికెళ్ళాడు. “సార్... ముప్పై అయితేనే ఇస్తారటండీ... ఇంకొక్కడు దొరకడా అంటున్నారు... ఎవరా? ఈయనే సార్... ఆఁ... ఆఁ... అలాగే సార్.”

లోపలికొచ్చి, “సరేనన్నారు. ముప్పయ్యో పేరు కాసేపట్లో పంపిస్తారట. ఈలోగా ఇవి చెక్కెయ్యమన్నారు” అన్నాడు.

“చూశావా? బేరమంటే అదీ!” అన్నాడు భర్త ఆమెతో.

ఆమె చెక్కే మిషను ముందు కూర్చుంది. ఆయన కుర్చీ లాక్కుని లిస్టు చదవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో హాజరు పుస్తకం ఆయన చేతిలో ఉంటుంది. ఎవరైనా అయిదు నిమిషాలు ఆలస్యమైతే పేరు కింద ఎర్రగీత పడాల్సిందే. ఈ లిస్టు ఆ ఎర్రగీతల్లోంచే పుట్టింది. కన్నబిడ్డని చూసుకున్నంత మురిపెంగా చూసుకుంటున్నాడు దాన్ని.

“వీడు నిద్రమొహం. అలారం ఉందా ఇందులో? వద్దులే, ఇక పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటేది వాడికి?”

ఆమె అక్షరాలు రెండుసార్లు సరిచూసుకుని చెక్కింది.

“ఈవిడ ‘బస్సు తప్పిపోయిందండీ’ గారు. రోజూ అదే పాట.”

“ఆవిడకి మంచాన పడ్డ తల్లి ఉందన్నారు కదండీ?”

“ఉంటే? ఆఫీసొచ్చి పక్క మార్చాలా?”

గుమస్తా పెట్టెలకు తాళ్ళు కడుతున్నాడు. ఇరవై తొమ్మిదో రేకు బిగించాక ఆమె గొంతు తగ్గించి అడిగింది. “మీ పేరు ఇందులో లేదు కదండీ?”

“ఈ ఇరవై తొమ్మిదిలో లేదమ్మా” అన్నాడు అతను. కడుతున్న ముడి చేతిలోంచి జారిపోయింది.

“ముప్పయ్యోది నీదేనేమోనయ్యా!” భర్త అతని వీపు మీద చరిచాడు. “నీ చేతే మోయించుకుంటున్నారు చూడు, నీ గడియారం కూడా!”

గుమస్తా జారిన తాడు అందుకుని మళ్ళీ మొదట్నుంచి ముడి వేయసాగాడు.

“ఏమండీ, ఆ ఒక్కటీ వదిలేద్దాం” అంది ఆమె. “మేనేజరుగారికి మీరే చెప్పండి, ఇరవై తొమ్మిదే ఇస్తామని. ధర తగ్గించుకున్నా సరే. ఒక గడియారం కోసం ఎవరి కూడో...”

“నోర్మూసుకో. అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు నేను.”

ఆయన రెండు పెట్టెలు చంకన పెట్టుకుని ఆటో దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఆయన బయట ఉండగానే గుమస్తా ఫోను కుయ్‌మంది.

అతను చూశాడు. చూసి, దగ్గర్లో ఉన్న ఖాళీ పెట్టె మీద చతికిలబడ్డాడు. ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె చదివింది. ఫోను తిరిగి ఇచ్చేసింది. చివరి రేకు తీసి మిషను కింద పెట్టింది. మిగతా వాటికి రెండేసి సార్లు సరిచూసుకున్న మనిషి, ఈ పేరుకి మాత్రం ఫోను కేసి మళ్ళీ చూడలేదు. తీరిగ్గా, ముచ్చటగా, పొల్లు పోకుండా చెక్కింది.

భర్త చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

“వచ్చిందా పేరు? నేను చెప్పలా, మన గుమస్తాయే అయుంటాడని?”

గుమస్తా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె రేకు మీది ఇత్తడి పొడి ఉఫ్ మని ఊదింది.

“ఇది ఆటో ఎక్కించక్కర్లేదు లెండి. మన హాల్లో మేకు ఏ గోడకి కొట్టమంటారు?”