అరచెయ్యి

ప్రేమమణి క్యారియర్ పట్టుకుని లాలాగూడ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల ఆమె మొగుడు పేతురు కళ్లు మూసుకుని కారుని నిమురుతున్నాడు.

పాతకాలపు స్పోర్ట్స్ కారు. దానికి కొత్తగా వేసిన వెడల్పు చక్రాలను కప్పేలా స్టీలు రేకు వంచి, మడ్‌గార్డులకు తనే వెల్డింగ్ చేశాడు. ఇప్పుడా వంపు మీద అరచెయ్యి పైనుంచి కిందికి, మళ్లీ పైకి. తొందరే లేదు.

ఆమెకి ఒళ్లు మండింది. మొన్న జ్వరమని చెబితే ఇదే చెయ్యి నుదుటి మీద పెట్టి, "ఏం లేదు, చల్లగనే ఉన్నవ్" అనేసి దీని దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సవతి బాగనే ముస్తాబైంది" అంటూ క్యారియర్ బల్ల మీద ఠపీమని పెట్టింది.

పేతురు ఉలిక్కిపడ్డాడు. షెడ్డులో ఇంకెవరూ లేరని చూసుకుని, ఆమె చెయ్యి పట్టి రేకు మీద పెట్టాడు.

"జెర రుద్ది చూడు. ఎక్కడన్న ఎత్తు తగుల్తుందా?"

"నన్నెందుకు అడుగుతవ్? పొద్దుగాల నుంచి తడుముతనే ఉన్నవ్ గద."

"తడుముతున్న. ఏం తెలుస్తలేదు." గొంతు తగ్గించాడు. "సుత్తె పట్టీ పట్టీ చెయ్యి మొద్దుబారింది. సేఠ్‌కి తెలిస్తే పనిలకెళ్లి తీసేస్తడు."

ప్రేమమణి కళ్లు మూసుకుంది. వేలికి చిన్న బొడిపె తగిలింది. "గిక్కడ" అంది. అతను సుద్దముక్కతో గీత పెట్టాడు.

అప్పుడు ఆమె ఆ చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. నుదురింకా కాలుతూనే ఉంది. అరచెయ్యి పైకీ కిందికీ మెల్లగా తిరిగింది.

"జ్వరం తగ్గిందా, ప్రేమా?" అని అడిగాడు.